మీనా ఎవరి పేరు?

రెండక్షరాల పేరు. పిలవడానికి హాయి. 'ఈ పేరుకు మతం లేదు చూడండి' అని మన సెక్యులర్ మిత్రులు మురిసిపోతుంటారు. మతం లేదా, లేక ఒక్క అర్థమే వినపడుతోందా? నా పేచీ అక్కడ.

తెలుగు చెవికి మీనా అనగానే చేప. మీనాక్షి, మీనరాశి, మీనమేషాలు లెక్కపెట్టడం, అన్నీ అటే లాక్కెళతాయి. అచ్చమైన సంస్కృతం అనుకునేవాళ్లకు ఒక సంగతి: 'మీన్' అనే ద్రావిడ మాటే సంస్కృతంలోకి వెళ్లిందని చాలామంది భాషావేత్తల అభిప్రాయం. అక్కడా అరువే.

మా ఇళ్లలో మీనా చేప కాదు. ఫార్సీ నుంచి ఉర్దూకి వచ్చిన మీనా అంటే రంగుగాజు, మధుపాత్ర, నగ మీద పూసే ఎనామిల్. నగల దుకాణంలో 'మీనాకారి' గాజులు అడిగే ఇల్లాలు ఈ మాట వాడుతూనే ఉంది. కూతురి పేరులో అదే ఉండొచ్చని మాత్రం అనుకోదు. ఉర్దూలో జేర్ జబర్ లేకుండా రాస్తే దీన్నే మైనా అనీ చదవొచ్చు. గాజూ పిట్టా ఒకే రాతలో! పష్తూలో మీన అంటే ప్రేమ. అరబ్బీలో ఓడరేవు. ఇవి ఒకదానికొకటి అనువాదాలు కావు. శబ్దం కలిసింది, వంశాలు వేరు.

మీనాకుమారిని చూడండి. అసలు పేరు మహజబీన్ బానో, చందమామ నుదురు గలది. పసితనంలోనే సినిమావాళ్లు బేబీ మీనాని చేశారు, తర్వాత 'కుమారి' తగిలించారు. 1944లో యూసుఫ్ ఖాన్ దిలీప్ కుమార్‌గా తెర మీదికొచ్చాడు. రెండూ ఒకటే అంటారు గాని కాదు. దిలీప్‌లో యూసుఫ్ పూర్తిగా దాక్కున్నాడు. మీనాలో మహజబీన్ సగమే దాక్కుంది. 'సాగర్-ఓ-మీనా' అనే షాయరీ ఆమె భాషదే కదా! ముసుగు మీనా కాదు, కుమారి. పైగా తన కవిత్వానికి ఆ పేరు వాడుకోలేదామె, 'నాజ్' అని తఖల్లుస్ పెట్టుకుంది. ఆమె నటన మీద పుటలు నింపేవాళ్లు ఈ మూడో పేరు దగ్గర ఆగరెందుకో. 1972 ఫిబ్రవరిలో 'పాకీజా' వచ్చింది, మార్చి 31న ఆమె పోయింది. కుమారిని చేసిన సినిమాలోకమే బొంబాయిలో ఖబరస్తాన్‌కి సాగనంపింది.

మన ఊళ్లలో షేక్ మీనాలున్నారు. నోటితో 'మీనా' అన్నంతసేపూ ఇబ్బంది లేదు. అద్దె కాగితం మీద ఇంటిపేరు ముందొస్తుంది. 'మీరు ముస్లిమ్సా? మీనా అన్నారుగా!' అంటుంది ఇంటావిడ. ఆ 'గా' చూడండి. మా పేరు మీరెలా వాడుకున్నారన్న నిలదీత అంతా అందులోనే ఉంది. మీనాక్షి ఎప్పుడూ తన పేరుకి అర్థం చెప్పుకోనక్కర్లేదు. షేక్ మీనా మాత్రం గుమ్మంలో నిలబడి, చేప కాదండీ, గాజు అని వివరించాలి. ఇంటావిడ ఓపిగ్గానే వింటుంది. ఇల్లు ఇంకెవరికో మాటిచ్చామని మర్నాడు కబురొస్తుంది.