వేచి ఉండే నగరం: ‘స్పైడర్‌మ్యాన్ 2’ చలనచిత్రం, వీడియో గేమ్

చలనచిత్రాన్ని వీడియో గేమ్‌గా మలచినప్పుడు విమర్శ సాధారణంగా కథను గురించే ప్రశ్నిస్తుంది. ఏ సన్నివేశం నిలిచింది, ఏది జారిపోయింది, ఏది కొత్తగా చేరింది అని లెక్క చూస్తుంది. నవలకూ చలనచిత్రానికీ నడుమ ఈ లెక్క కొంతవరకు సరిపోతుంది. ఆటగాడు ఒక నగరమంతటా ఇష్టానుసారం తిరగగల ‘ఓపెన్ వరల్డ్’ ఆటల విషయంలో ఇది చాలదు. అక్కడ కథకన్న ముందు కాలం మారుతుంది. శామ్ రైమీ దర్శకత్వంలో 2004లో వచ్చిన ‘స్పైడర్‌మ్యాన్ 2’ చిత్రమూ, అదే సంవత్సరం ట్రేయార్క్ సంస్థ రూపొందించగా యాక్టివిజన్ విడుదల చేసిన అదే పేరుగల గేమూ ఈ మార్పును పరిశీలించడానికి అనువైన జంట. కంప్యూటరుకు వచ్చిన రూపం వేరు కనుక ఈ పరిశీలన ప్లేస్టేషన్ 2 మొదలైన కన్సోళ్లపై వచ్చిన రూపానికి పరిమితం.

చిత్రమంతా ఆలస్యం చుట్టూ అల్లుకొన్నది. పీటర్ పార్కర్ 29 నిమిషాల్లో పిజ్జా అందించవలసి ఉండగా లారీ కింద పడబోతున్న ఇద్దరు పిల్లలను కాపాడడానికి దిగుతాడు. గడువు దాటుతుంది, ఉద్యోగం పోతుంది. మేరీ జేన్ నటించే నాటకానికి ఆలస్యంగా చేరి తలుపు దగ్గరే ఆగిపోతాడు. ఒక దేహం ఒకే వేళ రెండు చోట్ల ఉండలేదన్నదే ఈ నాయకుని ధర్మసంకటం. తెలుగు పాఠకునికి ఇది కొత్త కాదు. ‘మనుచరిత్ర’లో పాదలేపం మంచుకు కరిగిపోయినప్పుడు ప్రవరుని బాధించేది దూరం ఒక్కటే కాదు, ఇంటివద్ద దాటిపోతున్న నిత్యకర్మల వేళ కూడా. పొద్దు గూకితే ఆ వేళ తిరిగి రాదు. ఆ నియమం లేకుంటే వరూధినీ ప్రవరుల సంవాదంలో ఒత్తిడి ఉండదు. రైమీ చిత్రానికీ ఆధారం అదే నియమం.

గేమ్‌లోనూ పిజ్జాలున్నాయి. ‘ఫునికులీ ఫునికులా’ బాణీ హుషారుగా మోగుతుండగా, పెట్టెలు ఎక్కువగా కుదుపుకు లోనుకాకుండా నిర్ణీత వ్యవధిలో వాటిని చేర్చాలి. గడియారం ఉంది కదా, ఆలస్యమూ ఉన్నట్టే కదా అన్న ఆక్షేపణ ఇక్కడ సహజం. అయితే ఈ గడియారం ఆ ఒక్క పనికే చెందినది. గడువు తప్పితే అదే పని మళ్లీ మొదలుపెట్టవచ్చు. అంతకన్న ముఖ్యమైనది మరొకటి. చిత్రంలో పిజ్జా, ప్రాణరక్షణ ఒకే క్షణం కోసం పోటీపడతాయి. గేమ్‌లో పిజ్జా అందించడం ఒక పని, ప్రాణం కాపాడడం మరొక పని. ఒకటి ముగించి మరొకటి చేపట్టవచ్చు. సంకటంలోని రెండు కొమ్మలను విడదీసి రెండు మొక్కలుగా నాటినట్టయింది.

దశరూపకకారుడు ఇతివృత్తాన్ని ఆధికారికమనీ ప్రాసంగికమనీ విభజించాడు. పతాక, ప్రకరి అనే ప్రాసంగికాలు ప్రధాన కథకు తోడ్పడేవి. ఓపెన్ వరల్డ్‌లో ఈ సంబంధం తలకిందులవుతుంది. డాక్టర్ ఆక్టోపస్‌తో పోరు అనే ఆధికారికం, ఆటగాడు వీధుల్లో ఎంతసేపు కాలక్షేపం చేసినా నిలిచి ఉంటుంది. తదుపరి అధ్యాయం తెరుచుకోవడానికి తగినన్ని ‘హీరో పాయింట్లు’ సంపాదించమని గేమే ఆదేశిస్తుంది. నగరాన్ని కబళించగల ప్రతినాయకుడు, నాయకుని ఖాతా నిండేదాకా తన వంతు కోసం ఆగి ఉంటాడు.

నటుడు బ్రూస్ క్యాంప్‌బెల్ పాత్రలు ఈ తేడాను దాదాపు హాస్యంగా బయటపెడతాయి. చిత్రంలో ఆలస్యంగా వచ్చిన పీటర్‌ను నాటకశాలలోనికి పోనివ్వని ద్వారపాలకుడు ఆయనే. గేమ్‌లో ఆటగానికి మెళకువలు నేర్పుతూ వెంట వినిపించే కంఠమూ ఆయనదే. అక్కడ తలుపు మూసినవాడు ఇక్కడ నగరమంతా తెరిచి చూపుతాడు.

ఇంతమాత్రాన గేమ్‌ను చిత్రానికి నీరసమైన నీడగా తేల్చడం తొందరపాటే. ఊగడంలో దానికి స్వంత ప్రతిభ ఉంది. 2002 నాటి తొలి చిత్రం ఆధారంగా వచ్చిన గేమ్‌లో సాలెదారం ఆకాశంలో ఎక్కడో అంటుకొనేది. నగరం వెనుక వేలాడదీసిన తెరవంటిది. జేమీ ఫ్రిస్ట్రమ్ ఆలోచనతో రూపుదిద్దుకొన్న ఈ గేమ్‌లో దారం నిజంగా ఒక భవనాన్ని పట్టుకోవాలి. దారం ఎప్పుడు విసరాలి, లోలకం ఏ కొసకు చేరినప్పుడు వదలాలి అన్నది చేతి వేళ్లకు పట్టుబడవలసిన విద్య. మొదటి గంటలో ఆటగాడు గోడలకు గుద్దుకొంటాడు. క్రమంగా మన్‌హాటన్ వీధుల వెడల్పు, భవనాల ఎత్తు అతని లెక్కలోకి వస్తాయి. సెంట్రల్ పార్కు అంచుకు రాగానే భవనాల వరుస తెగి, అంతవరకు సాగిన ఊపు సన్నగిల్లుతుంది. ప్రబంధాల పురవర్ణనలో మేడల ఎత్తును కవి అతిశయోక్తితో చెబుతాడు, పాఠకుడు ఊహిస్తాడు. ఇక్కడ ఎత్తు వర్ణ్యవస్తువు కాదు, ఉపకరణం. మేడ ఎంత పొడవైతే ఊపు అంత పెద్దది. చిత్రంలో కొన్ని నిమిషాలపాటు మాత్రమే కనులకు దక్కే ఈ ఆనందం గేమ్‌లో గంటలకొద్దీ దేహానుభవంగా సాగుతుంది. అనుసరణ ఏదీ మూలం ఇవ్వలేనిది ఇవ్వదనే వాదానికి ఈ ఒక్క అంశం చాలిన సమాధానం.

అసలు చిక్కు నేలమీదికి దిగినప్పుడు మొదలవుతుంది. బ్యాంకు దొంగలు, పారిపోయే కార్లు, మేడ అంచున వేలాడే మనిషి, బెలూన్ జారవిడిచి ఏడ్చే పిల్లవాడు: కొద్దిపాటి అచ్చులే మళ్లీ మళ్లీ పోతపోసుకొంటాయి. ఈ పునరుక్తిని నిర్మాణలోపమని కొట్టివేయడం తేలిక. కాని అది లోపమైనా దాని ఫలితం విచిత్రం. కొన్ని గంటలు గడిచేసరికి ఆటగాడు కేక విని కూడా దిగడు, పైనుంచే సాగిపోతాడు. చిత్రంలో వేషాన్ని విడిచిన పీటర్ ఒక సందులో దెబ్బలు తింటున్న మనిషిని చూసి ముఖం తిప్పుకొని వెళ్లిపోయే ఘట్టం ఉంది. అక్కడ ఆ నడక నాయకుని పతనం. గేమ్‌లో ఆటగాడు అచ్చంగా అదే పని చేస్తాడు, ఒకసారి కాదు పదేపదే. నాయకుని అలసటను కథగా చెప్పకుండానే ఆటగానిలో పుట్టించడం సామాన్య విషయం కాదు. పుట్టించనిది అపరాధభావం. మండుతున్న ఇంటినుంచి పిల్లను కాపాడిన పీటర్‌కు, పై అంతస్తులో మరొకరు మిగిలిపోయి చనిపోయారని తెలిసే ఘట్టం వంటిది ఈ వీధుల్లో సంభవించదు. సాయం అందనివాడు మరణించడు. మరో మూలన, మరో ముఖంతో అదే కేక వేస్తాడు.

హీరో పాయింట్ల వినియోగం ఈ విషయాన్ని ఇంకా ముందుకు నడుపుతుంది. రక్షణకు ప్రతిఫలంగా వచ్చిన పాయింట్లతో కొత్త పోరాట విద్యలతోపాటు ఊగే వేగాన్నీ కొనవచ్చు. చేసిన పుణ్యం వేగంగా మారుతుంది. వేగం పెరిగినకొద్దీ ఊపు మధురమవుతుంది, వీధి కిందికి జరుగుతుంది, కేక వినిపించే వ్యవధి తగ్గుతుంది.