ఏ దేశపు కంపెనీ అది?

2018 ఏప్రిల్ 3న స్పాటిఫై న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజిలో లిస్టయింది. ఆ ఉదయం వాల్ స్ట్రీట్‌లో ఎక్స్ఛేంజి భవనం స్తంభాల ముందు, కంపెనీ బ్యానరుతో పాటు ఎర్ర జెండా మీద తెల్ల శిలువ రెపరెపలాడింది. అది స్విట్జర్లాండ్ జెండా. స్పాటిఫై పుట్టిందేమో స్వీడన్‌లో. వాళ్లది నీలం మీద పసుపు శిలువ. కాసేపటికి నాలుక కరుచుకుని మార్చారు. షేరు ధర తేల్చడంలో తాము తటస్థులమని చెప్పడానికే అలా చేశామని ఎక్స్ఛేంజివాళ్లు చమత్కరించారు కూడా. (తటస్థత మాటకొస్తే రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ స్వీడన్ కూడా ఏ పక్షానా చేరలేదు. ఆ జోకూ అంతంతమాత్రమే.)

అసలు చిక్కు జెండాతో తీరేది కాదు. సరైన జెండానే ఎగరేసి ఉన్నా, ఆ రోజు చేతులు మారిన షేర్లు లక్సెంబర్గ్‌లో నమోదైన కంపెనీవి. స్వీడన్ కంపెనీ కదా అని స్టాక్‌హోమ్ ఎక్స్ఛేంజిలో వెతికితే ఆ షేరు కనిపించదు.

అందుకే బిజినెస్ డెస్కులో కుర్రాళ్లెవరైనా "స్వీడనా, స్విస్సా సార్?" అంటే ఎదురు ప్రశ్నలు వేస్తాను. ఎక్కడ పుట్టింది? ఎక్కడ రిజిస్టరైంది? షేరు ఎక్కడ ట్రేడవుతోంది? ఆస్ట్రియా, ఆస్ట్రేలియాల తికమక మ్యాపు చూస్తే తీరిపోతుంది. ఏబీబీ దగ్గర మ్యాపు కూడా చేతులెత్తేస్తుంది. స్వీడన్‌కు చెందిన ఏఎస్ఈఏ, స్విట్జర్లాండ్‌కు చెందిన బ్రౌన్ బొవేరి 1988లో కలిస్తే అయిన కంపెనీ అది. హెడ్డాఫీసు జ్యూరిక్‌లో, షేరు స్విస్ ఎక్స్ఛేంజిలోనూ ఉంది, స్టాక్‌హోమ్‌లోనూ ఉంది. రెండు దేశాలనూ కలగాపులగం చేసేవాళ్లు ఇక్కడ మాత్రం పాసైపోతారు! మన ముంబై మార్కెట్లో కొనే ఏబీబీ ఇండియా షేరు మళ్లీ వేరు. జ్యూరిక్ ఫలితాలు చూసి దాన్ని కొనేవాళ్లకు ఎంత చెప్పినా చెవికెక్కదు.

2018 ఆగస్టులో హైదరాబాద్ హైటెక్ సిటీలో ఐకియా దేశంలోనే తన మొదటి దుకాణం తెరిచినప్పుడు, ఆ షేరు కొనొచ్చా అని అడిగినవాళ్లున్నారు. పుట్టుక స్వీడన్‌లో, స్థాపకుడు ఇంగ్వార్ కాంప్రాడ్ దశాబ్దాల పాటు కాపురం ఉన్నది స్విట్జర్లాండ్‌లో, ఆ దుకాణాన్ని నడిపే ఇంగ్కా (Ingka) గ్రూపు యాజమాన్యం నెదర్లాండ్స్‌లోని ఒక ఫౌండేషన్‌ది. షేరు మాత్రం ఈ మూడు దేశాల్లో ఎక్కడా అమ్మరు.