గృహ కంప్యూటర్ అస్థిరత: లోపసందేశం, యంత్రపరిచయం, నిదానం - విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

ఇంట్లో వాడే కంప్యూటర్ పని మధ్యలో బిగుసుకుపోవడం, దానంతటదే రీస్టార్ట్ కావడం, నీలితెర చూపి ఆగిపోవడం అస్థిరతకు లక్షణాలు. ఆ సమయంలో తెరపై కనిపించే లోపసందేశాన్ని వినియోగదారులు, చాలామంది మరమ్మతుదారులు తుదితీర్పుగా స్వీకరిస్తారు. లోపసందేశాన్ని ఒక పాఠ్యంగా భావించి, అది చెప్పేదేమిటో, చెప్పలేనిదేమిటో విశ్లేషించడం ఈ వ్యాస లక్ష్యం. యంత్రంలోని భాగాలను గుర్తించడం నిదానానికి తొలిమెట్టు అనీ, ఆయుర్వేద సంప్రదాయంలోని నిదానపంచకం ఈ పనికి ఉపయోగపడే క్రమాన్ని అందిస్తుందనీ ఇందులో ప్రతిపాదితమైంది.

కీలకపదాలు: అస్థిరత, లోపసందేశం, నీలితెర, ర్యామ్, ఎస్‌ఎంపీఎస్, యంత్రపరిచయం, నిదానపంచకం.

1. ఉపోద్ఘాతం

కంప్యూటర్ పూర్తిగా చెడిపోతే కారణం వెతకడం కొంత సులభం. అప్పుడప్పుడు మాత్రమే చెడే యంత్రం ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. దుకాణానికి తీసుకువెళ్ళినప్పుడు బాగా పనిచేసి, ఇంటికి రాగానే ఆగిపోయే కంప్యూటర్ల గురించి వినని వారుండరు. ఇటువంటి సందర్భాల్లో సాధారణంగా వినిపించే సలహాలు రెండు: ‘ఫార్మాట్ కొట్టి విండోస్ మళ్ళీ వెయ్యాలి’, ‘ర్యామ్ మార్చాలి’. మొదటిదాని వల్ల భద్రపరచని ఫైళ్ళు పోతాయి, రెండవదాని వల్ల డబ్బు పోతుంది. అసలు కారణం వేరేచోట ఉంటే రెండూ వృథా. ఒకే కంప్యూటర్ మీద పిల్లల చదువు, పెద్దల లెక్కలు, కుటుంబ ఛాయాచిత్రాలు ఆధారపడిన ఇంట్లో ఈ నష్టం చిన్నది కాదు.

2. లోపసందేశం: స్వరూపం, పరిమితి

విండోస్ నీలితెర ఒకప్పుడు సంకేతసంఖ్యలతో నిండి ఉండేది. 2012లో విడుదలైన విండోస్ 8 ఆ సంఖ్యలను చాలావరకు తొలగించి, విచారంగా ఉన్న ముఖచిహ్నాన్ని, ఒక చిన్న వాక్యాన్ని నిలిపింది. సామాన్యుని భయం తగ్గించడానికి ఈ మార్పు తోడ్పడి ఉండవచ్చు. కాని నిపుణునికి అవసరమైన సమాచారం తెర మీది నుంచి తప్పుకొని డంప్ ఫైళ్ళలోకి చేరింది. మిగిలిన ఒక్క పేరే మొత్తం సాక్ష్యంగా కనిపించసాగింది.

ఆ పేరు లోపం బయటపడిన చోటును సూచిస్తుంది. లోపం పుట్టిన చోటు వేరే కావచ్చు. ఈవెంట్ వ్యూయర్‌లో కనిపించే ‘కెర్నెల్-పవర్ 41’ నమోదు దీనికి చక్కని ఉదాహరణ. కంప్యూటర్ సక్రమంగా ఆగకుండానే మళ్ళీ మొదలైందన్నది మాత్రమే దాని అర్థం. మునుపటిసారి ఏం జరిగిందో తెలియని వ్యవస్థ, తిరిగి లేచిన తర్వాత రాసుకున్న వాక్యమది. అందులోని ‘పవర్’ అనే మాటను బట్టి ఎస్‌ఎంపీఎస్ చెడిందని తేల్చేవారు అనేకులు. కరెంటు పోయినా, వేడికి ప్రాసెసర్ ఆగినా, బిగుసుకున్న యంత్రాన్ని బటన్ నొక్కి ఆపినా అదే నమోదు పడుతుంది.

3. తప్పుదారి పట్టించిన రెండు సందర్భాలు

2024 జూలై 19న ఒక భద్రతా సాఫ్ట్‌వేర్ సంస్థ పంపిన లోపభూయిష్టమైన అప్‌డేట్ వల్ల ప్రపంచవ్యాప్తంగా విండోస్ యంత్రాలు నిలిచిపోయాయి. వాటి సంఖ్య సుమారు 85 లక్షలని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. హైదరాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు చేతితో రాసిన బోర్డింగ్ పాసులు ఇవ్వవలసి వచ్చింది. ఆనాటి నీలితెరల మీద కనిపించిన పేరు ‘పేజ్ ఫాల్ట్ ఇన్ నాన్‌పేజ్డ్ ఏరియా’. చెడిన ర్యామ్ ఉన్న యంత్రం కూడా ఇదే పేరును చూపగలదు. అంటే ఒకే సందేశం వెనుక ఒకచోట హార్డ్‌వేర్, మరొకచోట సాఫ్ట్‌వేర్ కారణంగా ఉండవచ్చు.

రెండవ సందర్భం దీనికి భిన్నమైనది. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు కొన్నింటిలో అస్థిరత బయటపడినప్పుడు, అనేక ఆటల్లో ‘వీడియో మెమరీ చాలడం లేదు’ అన్న అర్థం వచ్చే సందేశం కనిపించింది. ఆ మాటను నమ్మినవారి అనుమానం గ్రాఫిక్స్ కార్డు మీదికి వెళ్ళడం సహజం. నిజానికి దోషం ప్రాసెసర్‌లో ఉంది. అవసరానికి మించిన వోల్టేజి వల్ల చిప్ క్రమంగా దెబ్బతింటున్నదని ఇంటెల్ 2024లో వెల్లడించి, మైక్రోకోడ్ సవరణను విడుదల చేసి, వారంటీని రెండేళ్ళు పొడిగించింది. ఆ సవరణ ముందుజాగ్రత్తగా పనికివస్తుంది తప్ప, అప్పటికే దెబ్బతిన్న చిప్‌ను బాగుచేయలేదు. కాబట్టి ‘నా యంత్రంలో ఏ ప్రాసెసర్ ఉంది?’ అన్న ప్రశ్నకు సమాధానం తెలియని వినియోగదారుడు తన హక్కును సైతం కోల్పోయే ప్రమాదం ఉంది.

4. యంత్రపరిచయం

కొన్న బిల్లులో ఉన్నవన్నీ క్యాబినెట్‌లో ఉన్నాయని, క్యాబినెట్‌లో ఉన్నవన్నీ బిల్లులో ఉన్నాయని చెప్పలేం. మధ్యలో ర్యామ్ మారి ఉండవచ్చు, ఎస్‌ఎంపీఎస్ మారి ఉండవచ్చు. విండోస్‌లోని సిస్టమ్ ఇన్ఫర్మేషన్, డివైస్ మేనేజర్ ప్రాథమిక వివరాలనిస్తాయి. పేరు తెలియని పరికరాన్ని కూడా దాని హార్డ్‌వేర్ ఐడీని బట్టి పోల్చుకోవచ్చు. అందులో తయారీదారు సంఖ్య 8086 అయితే అది ఇంటెల్ పరికరం. ఆ సంస్థ 1978లో తెచ్చిన ప్రసిద్ధ ప్రాసెసర్ సంఖ్యే దాని గుర్తుగా స్థిరపడింది. 1002 అయితే ఏఎండీ గ్రాఫిక్స్ వర్గానికి చెందినది. ర్యామ్ మీదనే ఉండే చిన్న చిప్ దాని వేగాన్ని, తయారీదారుని తెలుపుతుంది. సీపీయూ-జెడ్ వంటి ఉపకరణాలు ఆ సమాచారాన్ని చదివి చూపిస్తాయి.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి అంగళ్ళలో విడిభాగాలు కొని కూర్చిన అసెంబుల్డ్ కంప్యూటర్లలో ఒక విశేషం కనిపిస్తుంది. తయారీదారు పేరు ఉండవలసిన చోట ‘టు బి ఫిల్డ్ బై ఓఈఎం’ అని ఉండవచ్చు. తయారుచేసినవారు పూరించవలసిన ఖాళీ అది. అటువంటి యంత్రానికి మొత్తంగా ఒక తయారీదారు లేడు. దాని చరిత్రను రాసి ఉంచుకోవలసిన బాధ్యత యజమానిదే.

సాఫ్ట్‌వేర్ ఎంత వెతికినా తెలియని భాగం ఒకటుంది. మామూలు ఎస్‌ఎంపీఎస్ తన స్థితిని ఆపరేటింగ్ సిస్టమ్‌కు తెలియజేయదు. దాని పేరు, వాట్ల సామర్థ్యం తెలియాలంటే క్యాబినెట్ తెరిచి స్టిక్కర్ చూడవలసిందే. 2000వ దశకం తొలి సంవత్సరాల్లో నాసిరకం కెపాసిటర్ల వల్ల ఎన్నో మదర్‌బోర్డులు అస్థిరమయ్యాయి. పైభాగం ఉబ్బిన కెపాసిటర్‌ను పసిగట్టింది కంటిచూపే.

5. పరిశోధనల సాక్ష్యం

నైటింగేల్, డౌసర్, ఓర్గోవన్ 2011లో ప్రకటించిన పరిశోధన సుమారు 10 లక్షల వినియోగదారుల కంప్యూటర్లను పరిశీలించింది. హార్డ్‌వేర్ లోపంతో ఒకసారి ఆగిన యంత్రం మళ్ళీ అదే విధంగా ఆగిపోయే అవకాశం వంద రెట్ల వరకు పెరుగుతుందని వారు చూపారు. నిర్ణీత వేగానికి మించి నడిపిన యంత్రాల్లో లోపాలు ఎక్కువని కూడా తేలింది. ‘ఒక్కసారే కదా’ అన్న ఉపేక్ష సరికాదన్నది దీని సారాంశం. అయితే ఆ పరిశోధన ప్రాసెసర్, ర్యామ్, డిస్క్‌లకు పరిమితం. వోల్టేజి హెచ్చుతగ్గులు, ఎర్తింగ్ లోపాలు ఉన్న ఇళ్ళకు ముఖ్యమైన ఎస్‌ఎంపీఎస్ ప్రస్తావన అందులో విడిగా లేదు. ఆ ఫలితాలను ఇక్కడ అన్వయించేటప్పుడు ఈ పరిమితిని గమనించాలి.

డిస్క్ విషయంలో గూగుల్ పరిశోధకులు 2007లో ప్రకటించిన ఫలితం మరింత హెచ్చరిక. చెడిపోయిన డిస్కుల్లో 56 శాతానికి పైగా, అత్యంత బలమైనవిగా గుర్తించిన నాలుగు స్మార్ట్ సూచికల్లో ఏ ఒక్కదానిలోనూ ముందుగా ఎటువంటి సంకేతం చూపలేదు. ‘డిస్క్ బాగుంది’ అన్న నివేదికను నమ్మి ఫైళ్ళ నకలు తీసుకోకపోవడం ప్రమాదకరం. ఏ పరీక్షకైనా ముందు చేయవలసిన పని నకలు తీయడమే.

6. నిదానపంచకం: అన్వయం

మాధవకరుని మాధవనిదానం రోగనిర్ణయానికి ఐదు సాధనాలను వివరిస్తుంది: నిదానం, పూర్వరూపం, రూపం, ఉపశయం, సంప్రాప్తి. కంప్యూటర్ విషయంలో వీటిని ఇలా గ్రహించవచ్చు. అస్థిరత మొదలవడానికి ముందు చేరిన కొత్త ర్యామ్, కొత్త డ్రైవర్, మారిన స్థలం, ఎండాకాలం వంటివి నిదానం. ఫ్యాన్ చప్పుడు పెరగడం, గడియారం తప్పడం పూర్వరూపం. నీలితెర, దాని మీది పేరు రూపం. కారణమని అనుమానించినదాన్ని తొలగించి ఫలితం చూడడం ఉపశయం. మూలం నుంచి లక్షణం దాకా గల క్రమాన్ని వివరించగలగడం సంప్రాప్తి.

ప్రచారంలో ఉన్న మరమ్మతు సలహాల ప్రధానలోపం ఇక్కడ స్పష్టమవుతుంది. అవి రూపం నుంచి నేరుగా చికిత్సకు దూకుతాయి. మెమ్‌టెస్ట్ లోపం చూపితే ర్యామ్ చెడిందని అనడం కూడా తొందరపాటే. ఆ లోపం ర్యామ్‌లో ఉండవచ్చు, దాని స్లాటులో ఉండవచ్చు, ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్‌లో ఉండవచ్చు. ఎక్స్‌ఎంపీ అనే అధికవేగపు అమరిక వల్ల కూడా కలగవచ్చు. ముందుగా ఆ అమరికను ఆపి పరీక్షించాలి. తర్వాత ఒక్కొక్క ర్యామ్‌ను విడిగా, ఒకే స్లాటులో పెట్టి చూడాలి. లోపం ర్యామ్‌ను అనుసరిస్తే ర్యామ్‌ది, స్లాటునే అంటిపెట్టుకుంటే మదర్‌బోర్డుది లేదా ప్రాసెసర్‌ది. తర్కశాస్త్రంలోని అన్వయవ్యతిరేకాలు ఇవే. ఒకేసారి రెండు మార్పులు చేస్తే యంత్రం బాగుపడినా కారణం తెలియదు.

మనిషి శరీరంలో అవయవాన్ని తాత్కాలికంగా మార్చి చూడలేం. కంప్యూటర్‌లో అది సాధ్యం. ఈ భేదం వల్ల ఉపశయానికి ఇక్కడ మరింత బలం చేకూరుతుంది.

7. భాషాసమస్య

విండోస్‌ను తెలుగులో వాడుకునే వీలున్నా నీలితెర మీది సంకేతనామం ఆంగ్లంలోనే ఉంటుంది. దాన్ని అనువదించడం పరిష్కారం కాదు. అనువదిస్తే పరిష్కారం వెతకడానికి పనికివచ్చే ఏకైక ఆధారం పోతుంది. పేరును యథాతథంగా ఉంచి, దాని అర్థపరిధిని తెలుగులో వివరించే రచనలు కావాలి. ‘ఈ పేరుకు ఇదీ మందు’ అనే పట్టికల కంటే, ‘ఈ పేరు ఇంతవరకే చెబుతుంది’ అని నిజాయితీగా తెలిపే వివరణ మేలు. మెకానిక్ చెప్పిన మాటను ప్రశ్నించే శక్తి వినియోగదారునికి అప్పుడే కలుగుతుంది.

8. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. లోపసందేశం లక్షణాన్ని చెబుతుంది. కారణాన్ని నిర్ణయించేది పరీక్ష.

2. ఏ యంత్రమో, ఏ భాగాలో తెలియకుండా చేసే నిదానం ఊహ మాత్రమే. భాగాల పేర్లు, కొన్న తేదీలు, వారంటీ వివరాలు ఒక కాగితం మీద రాసి ఉంచుకోవడం ప్రతి ఇంటికీ సాధ్యమైన పని.

3. పరీక్షలో లోపం కనిపించకపోవడం నిర్దోషిత్వానికి రుజువు కాదు. ఫైళ్ళ నకలు అన్నింటికంటే ముందు తీయాలి.

4. ఒకసారికి ఒక్క మార్పు చేసి, ఫలితాన్ని నమోదు చేసే క్రమమే నమ్మదగినది.

తెలుగులో ‘నిదానం’ అనే మాటకు రోగనిర్ణయం అనే అర్థంతో పాటు తొందరలేకపోవడం అనే అర్థం కూడా ఉంది. అస్థిరమైన కంప్యూటర్ విషయంలో ఈ రెండు అర్థాలనూ వేరుచేయలేం.