రాయి గట్టెక్కింది, ఊరు మునిగింది

నడిగడ్డా! ఉత్తరాన కృష్ణ, దక్షిణాన తుంగభద్ర, రెండు నదుల కౌగిట్లో కళ్లు తెరిచిన నేలా! ఊరు బతకడానికి ఒక్క ఏరు చాలునే! నీకు రెండు మహానదులు కాపు కాశాయే! ఎక్కడో పడమటి కొండల్లో పుట్టి, పీఠభూమి రాళ్లను ఒరుసుకుంటూ, జూరాల దగ్గర ఒకటి, సుంకేసుల దగ్గర ఒకటి కాస్త ఊపిరి తీసుకుని, నీ తూర్పు కొసన ఒకదాని చేయి ఒకటి పట్టుకున్నాయే! ఆ చేతులు కలిసిన చోటే నీ బిడ్డల ఇళ్లు మునిగాయి. కూడలి నీళ్లలో మునిగి మొక్కిన జనం, ఆ నీళ్లలోనే తమ గడపలు మునగడం చూశారు. నీ గుళ్ల అందం చెప్పబోతే నీ ఊళ్ల దుఃఖం గొంతుకు అడ్డం పడుతున్నది.

2016 అక్టోబరు 11న నీకు కొత్త పేరు వచ్చింది, జోగులాంబ గద్వాల జిల్లా అని. అప్పటి నుంచి యాత్రికుల కోసం అచ్చువేసిన కాగితాల్లో నీ సొగసులన్నీ వరసగా కనిపిస్తాయి. అలంపురం నవబ్రహ్మలు, జోగులాంబ అమ్మవారు, గద్వాల కోట, కోటలో చెన్నకేశవుడు, బీచుపల్లి ఆంజనేయుడు, జూరాల గేట్ల మీదుగా దూకే వరద. చూడదగినవన్నీ ఆ వరసలో ఉన్నాయి. చూడలేనివి మాత్రం నీటి కింద ఉన్నాయి. వాటి కోసం ఏ దారిపలకా లేదు, ఏ బాణం గుర్తూ లేదు.

ఏమని వర్ణించను అలంపురాన్ని! బాదామి చాళుక్యులు ఏడెనిమిది శతాబ్దాల్లో తుంగభద్ర ఎడమ గట్టున నిలిపిన ఆ తొమ్మిది గుళ్లు, రాయి నేర్చుకున్న రాగాలు. తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వ. తొమ్మిది పేర్లూ బ్రహ్మవే, కొలువు మాత్రం శివుడిది. దక్షిణాదిలో అరుదైన రేఖానాగర శిఖరాలు ఇక్కడ నింగివైపు నెమ్మదిగా వంగుతూ లేచి, నెత్తిన ఆమలకాలు ధరించి నిలబడ్డాయి. స్వర్గబ్రహ్మ మూలమూలనా దిక్పాలకులు దిక్కులు కాస్తున్నారు. గోడల మీద గంధర్వ దంపతులు పదమూడు వందల ఏళ్లుగా ఎగురుతూనే ఉన్నారు, ఇంకా అలసిపోలేదు. జాలక గవాక్షాల్లోంచి జారిన ఎండ మండపం నేల మీద ముగ్గు పెడుతుంది, పొద్దు తిరిగేకొద్దీ ఆ ముగ్గును తానే తుడిచి మళ్లీ పెడుతుంది. ద్వారబంధాల పక్కన గంగా యమునలు వయ్యారంగా నిలబడ్డారు. ఇంటి ముందు ఏరు పారుతుంటే, గడప దగ్గర కూడా ఏటినే కావలి పెట్టుకున్న శిల్పులు వాళ్లు! నదిని అంతగా నమ్మిన నాగరికత ఇది.

ఆ నమ్మకం గల నేలకే అమ్మవారు ఒక పాఠం చెప్పింది. అష్టాదశ శక్తిపీఠాల్లో ఐదోది జోగులాంబ. పద్నాలుగో శతాబ్దంలో దాడుల్లో ఆమె గుడి నేలమట్టమైంది. విగ్రహాన్ని భక్తులు బాలబ్రహ్మ ఆలయానికి చేర్చారు. తన ఇల్లు పోయిన తల్లి పొరుగింట్లో ఒక మూల తలదాచుకుంది. ఒక తరం కాదు, రెండు తరాలు కాదు, ఆరు వందల ఏళ్లు. రాజ్యాలు మారాయి, భాషల్లో కొత్త మాటలు చేరాయి, పక్కనే దర్గాలో ఉర్సు దీపాలు వెలిగాయి. ఊరు మాత్రం అమ్మవారి ఇల్లు ఎక్కడ ఉండేదో మరిచిపోలేదు. 2005లో ఆ పాత చోటనే కొత్త గుడి లేచింది, తల్లి తన గడప తాను ఎక్కింది. ఆరు శతాబ్దాల తర్వాత కూడా సొంత చోటు సొంత చోటేనని ఈ ఊరు లోకానికి చూపించింది. దేవతకు జరిగిన ఆ న్యాయం తలచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది. వెంటనే ఆ సంగమం వైపు చూస్తే ఆ పులకింతే ముల్లై గుచ్చుకుంటుంది.

కూడవెల్లీ! సంగమానికి సింగారమైన ఊరా! కృష్ణా తుంగభద్రలు కలిసే చోట నీ సంగమేశ్వరుడు ఎత్తయిన పీఠం మీద, ప్రాకారం నడుమ కొలువుండేవాడు. శ్రీశైలం దగ్గర కృష్ణకు కట్టిన ఆనకట్టకు 1963లో పునాదిరాయి పడింది. ఆ నీళ్లు వెనక్కి ఎగదన్నుతూ నీ వాకిటి దాకా వస్తాయని తెలిసినప్పుడు, గుడిని కాపాడాలని పురావస్తు శాఖ వాళ్లు వచ్చారు. ప్రతి రాయికీ అంకె వేశారు. ప్రతి వరసకూ బొమ్మ గీశారు. శిఖరం నుంచి కిందికి ఒక్కో రాతినీ విప్పారు, బండ్లకెత్తారు, అలంపురం చేర్చారు, పునాది నుంచి పైకి అదే వరసలో మళ్లీ పేర్చారు. ఏ రాయికి ఏ రాయి ఇరుగో, ఏ రాయికి ఏ రాయి పొరుగో, ఆ చుట్టరికం చెడకుండా నిలబెట్టారు. పాపనాశిలోని ఇరవైకి పైగా గుళ్లనూ అలాగే తరలించారు. దిగువన జటప్రోలులో, సోమశిలలో కూడా దేవుళ్లు ఇలాగే గట్టెక్కారు. ఆ చేతులకు మొక్కాలి. వాళ్లు లేకపోతే ఆ శిల్పాలన్నీ ఈపాటికి పాచి పట్టి చీకట్లో కరుగుతుండేవి.

అయినా నా గుండె ఊరుకోదు. రాయికి దక్కిన ఆ మర్యాద మనిషికి దక్కలేదు. ఇళ్లకు వెల కట్టిన కాగితాలున్నాయి గాని, ఏ ఇంటి పక్కన ఏ ఇల్లో ఆ వరసను మరోచోట నిలబెట్టిన వాళ్లు లేరు. ఎవరి అరుగు మీద ఎవరు కూర్చునేవారో, ఎవరి బావి నీళ్లు ఎవరి పెళ్లికి తోడేవారో, ఏ రచ్చబండ మీద ఏ తగువు తీరేదో, ఆ చుట్టరికానికి అంకెలు వేయలేదు. శ్రీశైలం జలాశయం కింద వందకు పైగా ఊళ్లు మునిగాయి. లక్షకు పైగా జనం కదిలిపోయారు. 1981లో కదలనన్న వాళ్ల ఇళ్లు కూల్చి మరీ ఖాళీ చేయించారు. రాళ్లను విడదీసి ఒక్కచోట చేర్చిన కాలమే, ఒక్కచోట ఉన్న మనుషుల్ని విడదీసి తలో దిక్కుకు పంపింది. కొందరు గుట్ట మీదికి, కొందరు పట్నం అంచుకు, కొందరు కూలి దొరికిన చోటికి. ఊరి పేరు ముందు 'పాత' అనే మాట ఒకటి వచ్చి చేరింది, ఆ మాట బరువు ఇప్పటికీ దిగలేదు. ఇంటికొక ఉద్యోగమని 1986లో వచ్చిన 98వ నంబరు జీవో కాగితాన్ని మడతల్లో చిరిగేదాకా దాచుకున్న తండ్రులున్నారు. ఆ కాగితాన్ని వారసత్వంగా అందుకున్న కొడుకులున్నారు. పొలం ఇవ్వాల్సిన చేతులు బిడ్డలకు జీవో ఇచ్చి కళ్లు మూశాయి.

ఓ కృష్ణవేణీ! నీ తప్పు కాదమ్మా. నువ్వు పారడమే ఎరుగుదువు, నిలవడం మేం నేర్పాం. 885 అడుగుల మట్టం దాకా నిన్ను నిలబెట్టి దీపాలు వెలిగించుకున్నాం, పంటలు పండించుకున్నాం. ఆ వెలుగును నేను కాదనను. ఎండిన గొంతుల్లో పడిన ఆ నీటి చుక్కను నిందించే నోరు నాకు లేదు. కానీ నీ అడుగున ఏముందో నీకు తెలుసు కదా! జలాశయం కట్టిననాడు 308 టీఎంసీలు పట్టేది, ఒండ్రు మేట వేసి ఇప్పుడు 215 టీఎంసీలకు దిగింది. ఆ తగ్గిన తొంభై మూడు టీఎంసీల చోటునూ పై నుంచి కొట్టుకొచ్చిన మన్ను నింపింది. అది ఎవరి ఇంటి కప్పు మీద పడిందో, ఏ తులసికోటను కప్పిందో, ఏ ముత్తవ్వ సమాధిని మళ్లీ పూడ్చిందో నువ్వే చెప్పాలి. ఒకసారి నీళ్లలో మునిగిన ఊరు ఇప్పుడు మన్నులో రెండోసారి మునుగుతున్నది.

ఆవలి గట్టున, నంద్యాల వైపు, మరో సంగమేశ్వరుడున్నాడు. వేపమాను లింగంగా వెలసిన ఆ స్వామి ఏటా నెలల తరబడి నీటి కిందే ఉంటాడు. వేసవిలో జలాశయం వెనక్కి తగ్గితే శిఖరం తేలుతుంది, తర్వాత గోడలు తేలుతాయి, ఆపైన గర్భగుడిలో బురద తుడిచి దీపం పెడతారు. వానలొచ్చి నీళ్లు మెట్లెక్కుతుంటే అర్చకుడు చివరి హారతి ఇచ్చి వెనుదిరుగుతాడు. దేవుడు మునిగాడని జనం తిరునాళ్లలా తరలి చూస్తారు, పత్రికలు రాస్తాయి, బొమ్మలు తీస్తారు. అదే నీటి కింద మునిగిన ఊరి పునాదులు తేలినప్పుడు మాత్రం, ఆ ఊళ్లో పుట్టిన ముసలివాళ్లే వెళతారు. ఇది మా వంటిల్లు, ఇది మా పశువుల కొట్టం అని బిడ్డలకు చూపిస్తారు. ఆ యాత్రకు ఏ బస్సూ ఉండదు.

వారసత్వమంటే రాతిలోనే ఉంటుందనుకుంటే గద్వాల మగ్గం ఒప్పుకోదు. నూలు ఒళ్లు, పట్టు అంచు, జరీ కొంగు. గుణం వేరైన పోగుల్ని పోగుకు పోగు కలిపి ఒక చీర చేస్తారు ఇక్కడి సాలెలు. అంచులో కోట కొమ్మలు లేస్తాయి, గుడి గోపురం నేతలోకి దిగివస్తుంది. పండితులను పోషించి విద్వద్గద్వాల అనిపించుకున్న సంస్థానం పోయింది గాని, ఆ సంస్థానం నాటి మొక్కు పోలేదు. ఏటా తిరుమల బ్రహ్మోత్సవాలకు శ్రీవారి ఏరువాడ జోడు పంచెలు ఇక్కడి మగ్గాల మీదే, దీక్ష పట్టిన చేతుల్లోనే పుడతాయి. ఏడుకొండలవాడికి బట్ట నేసే ఊరిది! అలాంటి చేతులున్న రాజోలిని 2009 అక్టోబరులో తుంగభద్ర వరద ముంచింది. అలంపురం గుళ్లలోకీ నీళ్లొచ్చాయి. గుడిలో చేరిన బురదను కడిగితే మళ్లీ రాయి మెరిసింది. గుంట మగ్గంలో చేరిన బురద అలా కాదు. అచ్చు విరిగి, పడుగు కుళ్లి, పేటిక పట్టు మట్టిముద్దయి, ఏళ్ల చెమట ఒక్క రాత్రిలో పోయింది. రాయి వరదకు ఓర్చుకుంటుంది, దారం ఓర్చుకోలేదు. దారాన్ని పట్టుకున్న మనిషి అసలే ఓర్చుకోలేడు.

నూలుకూ పట్టుకూ ముడిపడిన చోటే గద్వాల చీర ప్రాణం. రాయికీ ఊరికీ ముడిపడిన చోటే క్షేత్రం ప్రాణం. ఆ ముడి తెగితే మిగిలేవి రెండు వేర్వేరు ముక్కలు. కూడవెల్లి ఆలయం ఈనాడు అలంపురంలో చెక్కు చెదరకుండా ఉంది. కానీ సంగమం లేని చోట సంగమేశ్వరుడు! తన ఎదుట రెండు నదులు కలవడం చూసిన స్వామి ఇప్పుడు గట్టు మీద ఒంటరిగా ఉన్నాడు. ఆయన పేరు పిలిచి మొక్కే ఊరు ఆయన పక్కన లేదు. కాపాడుకున్నామని చెప్పుకునే ప్రతిసారీ, ఏది కాపాడలేదో కూడా చెప్పుకోవాలి. అలా చెప్పకపోతే ఆ గుడి అందం కూడా సగమే.

అలంపురంలో ఒక మనిషి ఉండేవారు, గడియారం రామకృష్ణ శర్మ. అక్కడి శాసనాల మీద, శిథిలాల మీద, ఎవరూ పట్టించుకోని రాళ్ల మీద తన జీవితమంతా ధారపోశారు. ఆయన ఆత్మకథ 'శతపత్రము'కు కన్నుమూశాక 2007లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. అలంపురం చరిత్ర మనకు ఇంత స్పష్టంగా తెలిసిందంటే అలాంటి వాళ్ల చలవే. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చాళుక్యుల కాలాన్ని చదివిన ఆ ఓపికలో పదోవంతు చాలు, నిన్న మొన్నటి మన ఊళ్లను చదవడానికి. రాతి శాసనం వెయ్యేళ్లు ఆగుతుంది. మునిగిన ఊరిని కళ్లారా చూసిన మనిషి ఆగడు. 1981లో ఇరవై ఏళ్లున్న వాళ్లకు ఇప్పుడు అరవై దాటింది. పాత కూడవెల్లిలో పందిరి కింద పెళ్లాడిన అవ్వలు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. వాళ్ల వెంట వీధులు వెళ్లిపోతున్నాయి, బావులు వెళ్లిపోతున్నాయి, నాట్ల పాటలు వెళ్లిపోతున్నాయి.

నడిగడ్డ మీద మనసున్న వాళ్లారా, నా శోకం ఇంతటితో ఆగదు, ఒక కోరిక అవుతుంది. అలంపురంలో సంగమేశ్వరుడి ప్రాకారం పక్కనే ఒక రాయి నిలబెట్టండి. శ్రీశైలం నీళ్లలో మునిగిన ప్రతి ఊరి పేరూ దాని మీద చెక్కండి. గుడిని చూడవచ్చిన యాత్రికుడికి చాళుక్యుల పేరు చెప్పే నోరు ఆ ఊళ్ల పేర్లూ చెప్పాలి. మ్యూజియంలో విరిగిన విగ్రహాలకు చోటిచ్చినట్టే, నిర్వాసితుల గొంతులకు ఒక గది ఇవ్వాలి. బడిపిల్లలు అవ్వతాతల దగ్గర కూర్చుని పాత ఊరి పటం గీయాలి, ఏ ఇంటి పక్కన ఏ ఇల్లో అడిగి రాసుకోవాలి. జోగులాంబ ఇల్లు ఎక్కడ ఉండేదో ఆరు వందల ఏళ్లు గుర్తుపెట్టుకున్న నేల ఇది, నలభై ఏళ్ల కిందటి తన బిడ్డల ఇళ్లను మరిచిపోతే ఆ తల్లి ముందు తలెత్తుకోలేదు. రాళ్లకు అంకెలు వేసిన చేతులే మనవి. ఊళ్ల పేర్లు చెక్కడం ఆ చేతులకు కష్టం కాదు. చెప్పవలసిన వాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు గనుక, ఆ పని వచ్చే తరానికి వదలకుండా ఈ ఏడే మొదలుపెట్టాలి.