సాలార్‌జంగు ప్రదర్శనశాల – గృహస్వరూపము

సైదాబాదునుండి పడమరగా నేగి మూసీ దక్షిణపుగట్టు చేరినవారికి అర్ధచంద్రాకారమున నొక భవనము గోచరించును. అది 1968లో దెరువబడిన సాలార్‌జంగు ప్రదర్శనశాల. 1949లో గతించిన మూడవ సాలార్‌జంగు మీర్ యూసుఫ్ అలీఖానుగారి సేకరణము అంతకు మున్ను, 1951 డిసెంబరు 16 మొదలు, వారి వంశగృహమగు దివాన్‌దేవిడీయందే ప్రజలకు జూపబడుచుండెను.

ఒకని అభిరుచియే ప్రదర్శనశాల యైనపుడు ఆ గృహము వానిని జెప్పవలదా? దేవిడీలో వస్తువులు కొన్నవాని యింటనే యుండెను. వాని యాసయు, నౌదార్యమును, ఒక్కొకయెడ విచక్షణలేమియు నొక్కచోటనే తోచుట కవకాశముండెను. క్రొత్తభవనమున దంతమున కొకగది, జపానున కొకగది. ఈ విభాగము శాస్త్రసమ్మతమే, విద్యార్థికి సుకరమే. స్థాపకుల పటములకును, వాడుకవస్తువులకును గూడ వేఱొకగది కలదు. అనగా సంగ్రహీతయు నొక తరగతి వస్తువైనాడు! ఇక నా అర్ధచంద్రాకృతి గంభీరమే కాని, యది యే కచేరికైనను జెల్లును.

సంగీతగడియారమున్న ముంగిలి మాత్రము వేఱు. కలకత్తా కుక్ అండ్ కెల్వీ వర్తకులు కూర్చిన యా గడియారమునుండి బొమ్మ వెడలి గంట గొట్టుటకై జనులు కాచియుందురు. యజమాని ముచ్చట యచ్చట నేటికిని సజీవము. దివాన్‌దేవిడీ భవనములు చాలవఱకు నశించి ద్వారములు మిగిలినవి. కావున నా ముచ్చటను నిలుపు భార మీ గృహముమీదనే పడినది.