నాలుగు ఎలుకల చవితి

పోయినేడు వినాయక చవితికి మా ఇంట్లో పీట మీద వినాయకుడు ఒక్కడే గాని ఎలుకలు మాత్రం నాలుగు. పసుపు కుంకుమకి వచ్చిన ఎదురింటి తమిళావిడ "ఇన్ని ఎందుకమ్మా?" అని అడిగితే, మా మనవరాలు తడుముకోకుండా "తోడు" అంది. దానికప్పుడు రెండున్నరేళ్ళు. అసలు సంగతి వేరు. ఆ నాలుగింటిలో ఎలుకగా పుట్టింది ఒక్కటే, అది నేను చేసింది. రెండోది వినాయకుడు కాబోయి తొండం ఊడింది. మూడోది లడ్డూ. నాలుగోదేమిటో నిమజ్జనం నాటిదాకా నాకు తెలియలేదు.

వచ్చే వారం మళ్ళీ చవితి. ఈ వయసు పిల్లలున్న ఇళ్ళలో పండగనాడు వంటింటి గుమ్మానికి ఏదో ఒకటి అడ్డం పెడతారు. మేము ఖాళీ గ్యాస్ బండ పెట్టేవాళ్ళం. పోయినేడు దాన్ని తీసేశాం. తీశాక ఏం కుదిరింది, ఏం విరిగింది అన్నదే ఈ వారం కబురు.

ముందు నా ఓటమి చెప్పాలి. చవితికి పది రోజుల ముందు మా అమ్మాయి ఫోన్లో ఒక వీడియో చూపించింది. ఇడ్లీతో ఏనుగు. చూడగానే నాకూ చెయ్యి దురద పుట్టింది. పెద్ద ఇడ్లీ ముఖం, ఇంకో ఇడ్లీని రెండు చేసి చెవులు, సన్నగా కోసిన క్యారెట్ తొండం, రెండు మిరియాలు కళ్ళు. మొత్తం నలభై నిమిషాలు పట్టింది. అంతసేపూ పిల్ల గుమ్మం అవతల బండని గరిటెతో కొడుతూ కూర్చుంది. తెచ్చి ముందు పెడితే "ఏనుగూ!" అని చప్పట్లు కొట్టింది. నేను మురిసిపోయి మిరియాలు తీసేసి, చెవి తుంచి నేతిలో అద్ది నోటికి అందించాను. అంతే, ఇల్లు ఎగిరిపోయింది. "చెవీ! చెవీ!" అని ఒకటే ఏడుపు. చివరికి వాళ్ళ నాన్న పళ్ళెంలోంచి కళ్ళూ ముక్కూ లేని మామూలు ఇడ్లీ తిని ఊరుకుంది. ఫొటోకి మాత్రం మా కుటుంబం వాట్సాప్‌లో మంచి పేరొచ్చింది.

ఆ మధ్యాహ్నం అది నిద్రపోయాక నాకు తట్టింది. నలభై నిమిషాలూ ఆడుకున్నది నేను. దానికి మిగిలింది చూడటమే.

మన పాతవాళ్ళకి ఈ సంగతి తెలుసు. పిల్లలు ఆటగా వండుకునే వంటకి గుజ్జనగూళ్ళు అని పేరే ఉంది తెలుగులో. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రని తరిణె పట్టి, లక్క పూసి చేసే బుల్లి పొయ్యీ గిన్నెలూ, అవే లక్కపిడతలు, ఆ వంట కోసమే. మా ఇంట్లోనూ ఒక సెట్టు ఉంది. రెండేళ్ళ పిల్ల దాంతో ఎంతసేపు ఆడుతుంది? లోపల కుక్కర్ కూత వేసేదాకా. కూత వినపడగానే లక్కపిడత విసిరేసి నిజం గిన్నె దగ్గరికి పరిగెత్తుతుంది. 1939లో మదరాసు అడయారుకి వచ్చి మన దేశంలో టీచర్లకి శిక్షణ ఇచ్చిన మరియా మాంటిస్సోరి కూడా, బొమ్మ సామాను కంటే చేతికి సరిపోయే నిజం సామాను ఇవ్వమనే చెప్పింది. గింజలు ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి పోయడం ఆవిడ బడిలో ఒక పాఠం. మా అమ్మ దాన్ని పాఠం అనుకోలేదు, బియ్యం చేటలో పోసి "ఆడుకోవే" అనేది.

సరే, ఉండ్రాళ్ళు. రవ్వ కొట్లో దొరుకుతుంది గాని, పిల్ల ఉన్న ఇంట్లో కొనకండి. బియ్యం కడిగి, నీడన బట్ట మీద ఆరబోసి, మిక్సీలో ఆపి ఆపి తిప్పితే రవ్వా పిండీ కలిసి పడతాయి. జల్లించాలి. పైన నిలిచేది ఉండ్రాళ్ళకి, కింద రాలేది పాలతాలికలకి. మధ్యలో ఆ జల్లెడ ఉంది చూశారూ, రెండున్నరేళ్ళ మనిషికి ఈ లోకంలో అంతకంటే మంచి యంత్రం లేదు. కదిపితే వాన పడుతుంది, ఆపితే ఆగుతుంది. హాల్లో పాత చీర పరిచి, పిల్లని మధ్యన కూర్చోబెట్టి జల్లెడ చేతికిచ్చాను. పావుగంట ఇంట్లో చప్పుడు లేదు. ఆఖరికి చీరంతా తెలుపు, కనుబొమలు తెలుపు, మా అల్లుడి చెప్పులు తెలుపు. పనికొచ్చే పిండి మూడొంతుల్లో రెండొంతులు మిగిలింది. తరుగు పోతుందని ముందే ఒక గ్లాసు బియ్యం ఎక్కువ పోశాను లెండి.

పని పంపకం ముందే అయిపోవాలి. నిప్పూ కత్తీ నావి. నీళ్ళూ పిండీ దానివి. గ్లాసు రవ్వకి రెండు గ్లాసుల నీళ్ళు, జీలకర్ర, ఉప్పు, చెంచా నెయ్యి. అందరూ నానబెట్టిన శనగపప్పు వేస్తారు. చిన్నపిల్లలకి గొంతులో పడకుండా మెత్తగా ఉడికిపోయే పెసరపప్పు వేశాను, రుచి ఏమీ తగ్గలేదు. ఎసరు తెర్లాక రవ్వ పోసి, ఉండ కట్టకుండా కలిపి, మూత పెట్టి సన్న సెగన ఉంచితే దగ్గరపడుతుంది. ఇదంతా పిల్ల నిద్రలో ఉండగా చేసుకోవలసిన పని. అది లేచేసరికి పిండి గోరువెచ్చగా ఉండాలి. మరీ చల్లారితే ఉండ పగుళ్ళిస్తుంది, వేడిగా ఉంటే చెయ్యి కాలుతుంది. నా ముంజేతి లోపలివైపు పెట్టుకుని చూశాకే దాని చేతిలో పెట్టాను. ఉండ్రాళ్ళ పిండిలో ఇంకో సుఖం ఉంది. చపాతీ పిండిలా పచ్చిది కాదు, ముందే ఉడికింది. మధ్యలో నోట్లో పెట్టుకున్నా కడుపు నొప్పి వస్తుందన్న బెంగ లేదు.

కాని ఎంగిలి? మా అత్తగారి లెక్కలో నైవేద్యం అయ్యేదాకా వంట వాసన పీల్చినా తప్పే. నేను రెండు గిన్నెలు పెట్టాను. ఇత్తడిది స్వామికి, స్టీలుది నీకు అన్నాను. బుద్ధిగా తలూపింది. ఊపి, తన గిన్నెలోంచి ఒకటి కొరికి, మిగతా సగం ఇత్తడి గిన్నెలో వేసింది. కనిపించినవి తీసేశాను. కనిపించనివి వినాయకుడు చూసుకుంటాడు.

ఇక చుట్టడం. మనం అరచేతుల మధ్య పిండి పెట్టి గుండ్రంగా తిప్పుతాం. చూస్తే తేలికే గాని, రెండు చేతులూ ఒకదానికొకటి ఎదురుగా తిరగాలి, ఒత్తిడి ఎక్కువ కాకూడదు. పిల్ల నన్ను చూసి చేతులు తిప్పింది, పిండి మాత్రం కింద పడింది. రెండోసారి పడకుండా గట్టిగా నొక్కింది, అప్పడమైంది. మూడోసారి విసుగొచ్చి పిడికిలి బిగించింది. వేళ్ళ సందుల్లోంచి పిండి బయటికొచ్చింది. చెయ్యి తెరిచి చూస్తే నాలుగు వేళ్ళ గుర్తులతో కోడిగుడ్డంత ముద్ద. దానికి ఎంత ఆశ్చర్యం వేసిందో! ఇంకోటి, ఇంకోటి, అన్నీ పిడికిళ్ళే. నేను "అలా కాదమ్మా, గుండ్రంగా" అని సరిచెయ్యబోతుంటే ఎదురింటావిడ పిలుపుకని వచ్చి నిలబడింది. "ఉండనివ్వమ్మా, మావాళ్ళు చేసే పిడి కొళుకట్టై అచ్చం ఇంతే" అంది. నిజమే, తమిళనాట చవితికి పిడికిట్లో నొక్కి, వేళ్ళ అచ్చులు పడేలా చేస్తారు. మా పిల్ల తెలియకుండానే పొరుగువాళ్ళ వంట నేర్చేసుకుంది. అప్పటినుంచి నా నోరు మూసుకున్నాను. ఇరవై ఒకటి కావాలి కదా. అది "ఒకటి, రెండు, మూడు, ఏడు, పది" దాకా లెక్కపెట్టి మళ్ళీ మొదలుపెట్టేది. నేను గుండ్రంగా తొమ్మిది చేశాను, దాని పిడికిళ్ళు పన్నెండు. ఇడ్లీ పాత్రలో పది నిమిషాలు ఆవిరి పట్టాక అన్నీ ఒకలాగే మెరిశాయి.

పాలతాలికల్లో చెయ్యి ఇంకా బాగా సాగింది. ఉడకబెట్టిన బియ్యప్పిండి ముద్దని పీట మీద ముందుకీ వెనక్కీ దొర్లిస్తే తాలిక. దానికి మాత్రం పాము. ఒకటి బొటనవేలంత లావు, ఒకటి దారం, ఒకటి తల మాత్రమే ఉన్న పాము. లావువి ఉడకడానికి ఎక్కువసేపు పడుతుంది, నేను కొన్నిటిని గుట్టుగా రెండు చేశాను. పాడుచేసింది మాత్రం పిల్ల కాదు, నేనే. పాలల్లో తాలికలు ఉడికాక దించి, కాస్త చల్లారనిచ్చి బెల్లం కలపాలి. నలభై ఏళ్ళుగా తెలిసిన సంగతి. "అయిందా? అయిందా?" అని కొంగు పట్టుకుని లాగుతుంటే తొందరపడి మరిగే పాలల్లోనే బెల్లం వేశాను. పాలు విరిగిపోయాయి. మా అల్లుడు మర్యాదస్తుడు, రెండోసారి అడిగి వేయించుకున్నాడు. పిల్ల పాములు ఏరుకుని తిని గిన్నె ఇచ్చేసింది.

ఆ సాయంత్రం మట్టి ముందు కూర్చున్నప్పుడు ఒకటి గమనించాను. ఇన్నేళ్ళు చవితి చేసి ఎప్పుడూ అనుకోలేదు. ఈ పండగ మొత్తానికి కావలసింది రెండే చేతిపనులు, ఉండ చుట్టడం, తాలిక దొర్లించడం. పెద్ద ఉండ బొజ్జ, చిన్న ఉండ తల, తాలిక తొండం, నాలుగు తాలికలు కాళ్ళూ చేతులూ. పొద్దున్న పిండితో నేర్చుకున్నదే సాయంత్రం మట్టితో. రెండున్నరేళ్ళకి చెయ్యి చెయ్యగలిగిన పనులు కూడా సరిగ్గా ఆ రెండే. కావాలని అలా కుదిర్చారో లేదో గాని కుదిరింది. ఖైరతాబాద్‌లో కూడా 1954లో మొదలుపెట్టినప్పుడు విగ్రహం ఎత్తు ఒక్క అడుగే. 2022లో అక్కడే యాభై అడుగులు, మొదటిసారి మట్టితో. మాది జానెడు.

మట్టి బంకగా ఉంటే చాలు, రాళ్ళు ఏరి, మూడు వేళ్ళతో నొక్కితే గుంట నిలిచేంత మెత్తగా కలుపుకోవాలి. తొండం ఊడటానికి కారణం ఒకటే, అతికే చోట నీళ్ళు రాయకపోవడం. పిల్లకి చెబితే నీళ్ళు రాయడం ఒక్కటే పట్టుకుంది. వినాయకుడు రెండుసార్లు కరిగి కూర్చున్నాడు. ఊడినవన్నీ ఎలుకలయ్యాయి.

ఒక్క విషయంలో మాత్రం నవ్వులాట వద్దు. మట్టి వినాయకుడికి కళ్ళుగా గురివింద గింజలు పెట్టడం మనకి అలవాటు. నలుపూ ఎరుపూ, ముద్దొస్తాయి. నమిలితే ప్రాణం తీస్తాయి. మినపగింజలు పెట్టండి, అవి కూడా మీ చేత్తోనే. ఇరవై ఒక్క పత్రిలోనూ అంతే. ఉమ్మెత్త, గన్నేరు రెండూ విషమే, జిల్లేడు పాలు కంట్లో పడితే కన్నుకే ముప్పు, రేగుకి ముళ్ళు. బజారులో పత్రి అంతా ఒకే కట్టగా కట్టి అమ్ముతారు. దాన్ని నేను ఎత్తున పెట్టి, విడిగా గరిక, మామిడి, దానిమ్మ, రావి, తులసి మాత్రం పిల్ల బుట్టలో వేశాను. రావి ఆకు తోక పట్టుకుని తిప్పుతూ అది పూజంతా కానిచ్చింది. గరిక వెయ్యమంటే వేసేది, వేసినవి మళ్ళీ తీసుకునేది. కథ సగంలో ఉండగా ఒళ్ళో నిద్రపోయింది. పాలవెల్లికి జామకాయలు కట్టే పని దానికి ఇద్దామనుకున్నాను గాని, కట్టేలోపే రెండు కొరికింది.

మూడోనాడు పెరట్లో బకెట్లో నిమజ్జనం. వినాయకుడు వెళ్ళాడు, ఒక ఎలుక వెళ్ళింది, రెండోది, మూడోది. నాలుగోదాన్ని పిల్ల రెండు చేతులతో గుండెకి నొక్కుకుంది. "వెయ్యమ్మా, ఎలుక కూడా స్వామితో వెళ్ళాలి కదా" అన్నాను.

"ఎలుక కాదు. అమ్మమ్మ" అంది. "నీళ్ళల్లో వెయ్యను."

ఎండకి పగిలి, ఒక పక్క కొంచెం రాలి, అది ఇప్పటికీ మా వంటింటి కిటికీలో ఉంది. పిల్లకి ఇప్పుడు మూడున్నరేళ్ళు. మట్టి రెండు బకెట్లు తెచ్చి పెట్టమని నిన్న ఫోన్లో చెప్పింది.