పొగ చదివే మేస్త్రీ
మా వీధి చివరి షెడ్డులో మేస్త్రీ స్పానర్ పట్టేముందు పొగ చూస్తాడు. సైలెన్సర్ దగ్గర తెల్లగుడ్డ పెట్టి రేజ్ చేయమంటాడు. పొడి మసి అంటితే పెట్రోలు ఎక్కువవుతోందని, గాలి చాలట్లేదని లెక్క. ముందు ఎయిర్ ఫిల్టరే చూస్తాడు. జిడ్డు మరక పడితే ఆయిల్ మండుతోందని, అప్పుడు పొగ నీలంగా ఉంటుంది.

అసలు పనితనం ఈ నీలిపొగ దగ్గరే. పాత టూస్ట్రోక్ బండ్లు పెట్రోల్లో కలిపిన ఆయిల్ వల్ల కొంత నీలంగానే వదిలేవి. ఫోర్‌స్ట్రోక్‌కి మాత్రం అది జబ్బే. పొద్దున స్టార్ట్ చేయగానే గుప్పుమని ఆగిపోతే వాల్వ్ సీళ్లు. రేజ్ చేసినప్పుడల్లా వస్తుంటే పిస్టన్ రింగులు. మొదటిది హెడ్డు పనితో పోతుంది, రెండోదానికి బోరు దాకా వెళ్లాలి. అందుకే తొందరపడడు. "రాత్రికి బండి ఇక్కడే ఉంచండి సార్, పొద్దున్నే నేనే స్టార్ట్ చేస్తా" అంటాడు.

చలికాలంలో తెల్లపొగ చూసి నేను కంగారుపడితే, "ఆవిరి సార్, వేడెక్కితే పోద్ది" అని పైసా తీసుకోకుండా పంపేశాడు.